కారణం అనే గడి

పోయిన నెల ఎలకలక్క ఉద్యోగ విరమణ చేసింది. మీటింగు హాల్లో పూలగుత్తి చేతికిచ్చి నలుగురు మాట్లాడారు. ఓర్పుకు మారుపేరన్నారు. చీమకైనా హాని చెయ్యని మనిషన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ చేతులతో ఆమె చంపిన ఎలుకలు అరవై వేలకు పైమాటే. ఎలా తెలుసంటే, వాటిలో ముప్పాతిక వంతు చావులు రిజిస్టరులో రాసింది నేనే. నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. రాయమంటే రాస్తాను. అందుకే ఇది.

ముందు ఆ చేతుల సంగతి చెప్పాలి. ఎలుకను తోక పట్టి బోను మూత మీద నిలబెట్టేది. అది పారిపోదామని మూత కడ్డీలను ముందుకాళ్లతో గట్టిగా పట్టుకునేది. అప్పుడు నా బల్ల మీది ఎర్ర పెన్సిలును దాని మెడ వెనక అడ్డంగా ఆనించి, తోక మొదట్లో పట్టుకుని ఒక్క లాగు. టిక్కుమని చిన్న చప్పుడు. కాళ్లు రెండుసార్లు తన్నుకునేవి, అంతే. తనకేం జరుగుతోందో తెలిసేలోపు ఆ ఎలుక లేదు. కొత్తగా చేరిన ఒకతను ఇదే పని మూడు లాగుల్లో చేశాడు. రెండో లాగుకు ఎలుక కీచుమంది. ఎలకలక్క దాన్ని అతని చేతిలోంచి లాక్కుని పని ముగించి, అదే పెన్సిలుతో అతని మణికట్టు మీద ఫెడీమని కొట్టింది.

"చంపడం రాకపోతే చంపకు. ఇంకోసారి ఏ ప్రాణాన్నైనా ఊపిరి కోసం కొట్టుకునేలా చేశావంటే, నీ మెడ మీదే నేర్పిస్తా" అంది.

చీమకైనా హాని చెయ్యని మనిషట!

మాది మందులు పరీక్షించే సంస్థ. మూడో అంతస్తులో ఎలుకల గది. దాని బయట, గాజు కిటికీ పక్కన, నా బల్ల. నా ముందు రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి ఎలుకలది: నంబరు, తేదీ, బరువు, బతికుందా చచ్చిందా, కారణం. రెండోది మనుషులది: పేరు, తేదీ, ఎన్ని రోజుల సెలవు, కారణం. రెండింట్లోనూ కారణం అనే గడి అన్నిటికంటే చిన్నది. అవి ముద్రించినవాళ్లకి ముందే తెలుసేమో, దాంట్లో ఎవరూ నిజం రాయరని.

మనుషుల రిజిస్టరులో ఎలకలక్క పేరు ఎదురుగా నేను పదకొండుసార్లు ఒకే మాట రాశాను: "మెట్ల మీద పడుట." ఆమె చెప్పింది, నేను రాశాను. వాళ్లిల్లు నేను చూశాను. వీధి మట్టానికి ఉన్న రెండు గదులు. గడప తప్ప ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు.

ఆమె భర్త వెల్డరు. గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసేవాడు. మంచి పనివాడని పేరు. వాడు అనే అంటాను, పెద్దవాడు కదా అని గౌరవించడం నా వల్ల కాదు. వాడు కొట్టడానికి కారణం అక్కర్లేదు. ఫోను మోగితే ఎందుకు మోగిందని, మోగకపోతే కట్టేశావా అని. ఒకసారి ఆమె మెడ మీద నాలుగు వేళ్ల గుర్తులు ఒక వరసలో, బొటనవేలు విడిగా చూశాను. ఇంకోసారి భుజం కింద వెల్డింగు రాడ్డు ఆనించిన మచ్చ, పచ్చి పుండు. వాళ్ల పదమూడేళ్ల కూతురు అడ్డం వస్తే గోడకేసి విసిరాడు. ఆ పిల్లకు కనుబొమ మీద ఇప్పటికీ కుట్ల గీత ఉంది.

ఈ కథ మొదలయ్యే రోజులకు రెండేళ్ల ముందు ఊరంతా ఒక జ్వరం తిరిగింది. వైరస్ జ్వరం, దగ్గుతో మొదలై ఊపిరితిత్తుల్లోకి దిగేది. వెల్డరుకు దిగింది. అసలే వెల్డింగు పొగతో మసిబారిన ఊపిరితిత్తులు. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో ఉన్నాడు. ఇంటికొచ్చాక మూడు నెలలు మంచం నుంచి స్నానాల గదికి పోవాలంటే గోడ పట్టుకుని నాలుగుసార్లు ఆగేవాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు కదా, వాడు నిజంగానే ఆమె కాళ్లు పట్టుకున్నాడు. నువ్వే నా తల్లివన్నాడు. ఎలకలక్క నమ్మింది. నవ్వుతూ పనికొచ్చేది. నీలం రంగు పట్టీల చెప్పులు కొనుక్కుని నా బల్ల ముందు రెండు అడుగులు అటూ ఇటూ వేసి చూపించింది. నేనూ నమ్మాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఒకరోజు వాడు వీధి చివర నుంచి గ్యాసు బండ మోసుకొచ్చాడు, ఎక్కడా ఆగకుండా. ఆమె సంబరంగా "ఊపిరి పూర్తిగా వచ్చేసిందే!" అందట. ఆ సాయంత్రం స్నానం నీళ్లు చల్లగా ఉన్నాయని పీట తీసి మూతి మీద కొట్టాడు. మర్నాడు రెండు పళ్లు కాగితంలో చుట్టి తెచ్చి నాకు చూపించింది.

"ఊపిరి వచ్చింది, చెయ్యి లేచింది. అంతేనే రాతలమ్మా" అంది. నన్ను అలాగే పిలిచేది.

నేను ఆ రోజు రిజిస్టరులో మెట్లే రాశాను.

ఇక మందు సంగతి. మా డాక్టరమ్మ, అంటే మా విభాగానికి పెద్ద, అలాంటి జ్వరానికే మందు తయారు చేస్తోంది. ఆమె చెబితే నాకు అర్థమైంది ఇది. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగాక మనిషిని చంపేది చాలాసార్లు వైరస్ కాదట, దాన్ని తరమడానికి ఒళ్లు చేసే యుద్ధమట. దొంగను పట్టుకోవడానికి ఇంట్లో చొరబడ్డ జనం ఇంట్లోవాళ్లనే తొక్కేసినట్టు. ఊపిరితిత్తులు వాస్తాయి, నీరు పడతాయి, బరువెక్కుతాయి. గాలికి చోటు ఉండదు. డాక్టరమ్మ మందు ఆ యుద్ధాన్ని చల్లార్చాలి. రెండేళ్ల పని. ఎలుకల మీద ఇది ఆఖరి పరీక్ష. ఇందులో నెగ్గితే మనుషులకు ఇచ్చి చూస్తారు.

ఎనభై మగ ఎలుకలు. బోనుకు ఐదు చొప్పున పదహారు బోనులు. అన్నిటికీ మత్తిచ్చి ముక్కులో వైరస్ చుక్క వేస్తారు. ఆకుపచ్చ చీటీ ఉన్న ఎనిమిది బోనులకు మందు, తెల్ల చీటీ ఉన్న ఎనిమిదింటికి ఉత్త నీళ్లు. ఏ ఎలుక ఏ బోనులోకి పోవాలో డాక్టరమ్మ చీటీలు తీసి జాబితా రాసేది. ఇక్కడే ప్రతిసారీ గొడవ. మగ ఎలుకలు తోడబుట్టినవైతే ఒకే బోనులో సర్దుకుపోతాయి. ఎదిగాక పరాయివాటిని తెచ్చి కలిపితే రక్తపాతమే. అందుకని ఎలకలక్క జాబితా పట్టుకుని డాక్టరమ్మ ఎదుట కూర్చునేది. ఎలుకలకు విడివిడిగా చీటీలు తియ్యకూడదు, ఒక కాన్పు పిల్లలున్న బోను మొత్తానికి ఒక చీటీ తియ్యాలని సగం పూట వాదించేది. డాక్టరమ్మ చిరాకుపడేది, చివరికి తిరగరాసేది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

ఈ ఆఖరి పరీక్షకు జాబితా ఇచ్చే రోజు ఎలకలక్క ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. కుడిచేతి రెండు వేళ్లు ఒకదానికొకటి కలిపి కట్టు కట్టి ఉన్నాయి. డాక్టరమ్మ తన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే జాబితా అందించింది.

"ఏంటి, ఈసారి గొడవేం లేదా?"

"లేదండి. ఎలా రాస్తే అలా పెడతాను."

"హమ్మయ్య" అంది డాక్టరమ్మ.

నేను విన్నాను. ఏదో తేడాగా ఉందనిపించింది. పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. రాత్రంతా దెబ్బలు తిన్న మనిషికి పొద్దున్నే ఇంకో గొడవ పెట్టుకునే ఓపిక ఎక్కడ ఉంటుంది? ఒంటికన్నుతో, మూడు వేళ్లతో, మత్తులో ఉన్న ఎనభై ఎలుకలను జాబితా ప్రకారం ఎక్కడివక్కడ కలిపేసింది. పరాయివాటి పక్కన పరాయివి మత్తులోంచి లేచాయి. మొదటి రెండు రోజులు దేని జ్వరం దానిది, పెద్ద గొడవేం జరగలేదు.

నాలుగో రోజుకు తెల్ల చీటీ బోనుల్లో ఎలుకలు బొచ్చు నిక్కబొడుచుకుని, నడ్డి వంచుకుని, ఒక మూల ముద్దగా పడున్నాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆకుపచ్చ బోనుల్లో మాత్రం తిండి తింటున్నాయి, మూత కడ్డీలు పట్టుకుని ఊగుతున్నాయి. డాక్టరమ్మ ఆ రోజు నాతో నవ్వుతూ మాట్లాడింది. అదే ఒక వింత.

ఐదో రోజు పొద్దున ఆకుపచ్చ మూడో బోనులో రెండు చచ్చాయి. బోను గోడల మీద రక్తం చిమ్మి ఉంది. రంపపు పొట్టు ఎర్రటి ఉండలు కట్టింది. ఆరో రోజు వేరే బోనుల్లో ఐదు. ఒకదాని వీపు సగం లేదు. ఇదంతా లోపల ఎలకలక్క ఒక్కతే చూసింది, నాకు తర్వాత తెలిసింది. ఏడో రోజు నాలుగు. నలభైలో పదకొండు పోయాయి. మందు పడని తెల్ల బోనుల్లో అప్పటికి పోయినవి మూడే. ఎలకలక్క గదిలోంచి "పోయినవి నాలుగు" అని నంబర్లు చెప్పేది, నేను రాసేదాన్ని. చచ్చినవాటిని సంచిలో కట్టి ఫ్రీజరులో పడెయ్యడం ఆనవాయితీ. పొద్దుటికి శవమై దొరికిన ఎలుక భూతద్దం కింద పనికిరాదు కాబట్టి ఎవరూ కోసి చూడరు. కారణం గడిలో ఏం రాయమంటారని అడిగితే డాక్టరమ్మ పళ్లు బిగపట్టి, "ఇంకేం రాస్తావ్? మందు వల్ల అని రాయి" అంది. రాశాను.

తర్వాత తన గదిలోకి పోయి ఒక గాజు జాడీని గోడకేసి బద్దలు కొట్టింది. ఆ పెంకులు తనే ఏరబోయి అరచెయ్యి కోసుకుంది. మోచేతి దాకా రక్తం కారుతుంటే, "రెండేళ్లు! రెండేళ్లు విషం తయారు చేశాను!" అని అరుస్తోంది. వరండాలో ఎవడో, "కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుకా చచ్చింది" అని నవ్వాడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది నాకు.

ఎనిమిదో రోజు సంచుల లెక్క సరిచూడటానికి నేనే తల నుంచి కాళ్ల దాకా ముసుగు తొడుక్కుని ఎలుకల గదిలోకి పోయాను. ఫ్రీజరు తీసి ఒక సంచి విప్పాను. తోక మొదట్లో మాంసం బయటపడి ఉంది. రెండోదీ అంతే. మూడోదానికి నడుము కింద ఒక్క అంగుళం మంచి చర్మం లేదు, అన్నీ పంటి గాట్లు. జ్వరంతో చచ్చిన ఎలుకకు పంటి గాట్లు ఎందుకుంటాయి? నేను వెనక్కి తిరిగేసరికి ఎలకలక్క బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"మూడో బోనులో ఒక రౌడీ ఉంది. ఒంటి మీద గీత లేదు, మూతి నిండా నెత్తురు. ప్రతి ఆకుపచ్చ బోనులోనూ ఒకటుంది" అంది. "నేనే కలిపానే రాతలమ్మా. తెలిసి తెలిసి కలిపాను. అవి జబ్బు పడతాయి కదా, కొట్టుకునే ఓపికెక్కడిది అనుకున్నాను. ఈ మాయదారి మందు వాటిని బాగు చేసేసింది."

"డాక్టరమ్మకి చెప్పలేదా?"

ఆమె ముసుగు కింద చెయ్యి పెట్టి, రవికలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆవరణలో సంస్థ వాళ్ల క్వార్టరు, ఒక గది, వంటిల్లు. ఆరేళ్లుగా అర్జీ పెడుతూనే ఉంది. వచ్చే ఒకటో తారీకున తాళం తీసుకోమని రాశారు. గేటు దగ్గర కాపలావాడు ఉంటాడు, వెల్డరు లోపలికి రాలేడు. కూతురు, తను, తలుపుకి ఒక గడియ. ఒకటో తారీకు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. తప్పు చేసినట్టు రికార్డుకెక్కితే క్వార్టరు ఇవ్వరు. అది అందరికీ తెలిసిన రూలు.

నేను ఏం చెప్పానో దాచను. "నోరు మూసుకో అక్కా. ఈ మందు కాకపోతే ఇంకో మందొస్తుంది. నీకు ఇంకో గది రాదు" అన్నాను.

ఆమె కాగితం మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ కట్టు కట్టిన చేత్తో నా బల్ల పక్కన నిలబడి పైవాళ్లకు ఉత్తరం చెబుతోంది. ఈ మందు ప్రమాదకరం, పరీక్ష ఇంతటితో ఆపేస్తున్నాం, మనుషుల మీద ప్రయోగం ఆలోచన విరమించుకుంటున్నాం అని. నేను రాస్తున్నాను. గాజు కిటికీ మీద దబదబా చప్పుడైంది. లోపలి నుంచి ఎలకలక్క రమ్మని సైగ చేస్తోంది. ఇద్దరం ముసుగులు తొడుక్కుని వెళ్లాం. గాజు పెట్టెలో పళ్లెం మీద ఆకుపచ్చ బోనులవి ఆరు శవాలు, తెల్ల బోనులవి మూడు, మంచు కరిగి వరసగా ఉన్నాయి.

"ఫ్రీజరులోవి ఎందుకూ పనికిరావని తెలీదా నీకు?" అంది డాక్టరమ్మ.

"భూతద్దానికి పనికిరావండి. తూకానికి పనికొస్తాయి."

కట్టు ఊడదీసిన వంకర వేళ్లతో కత్తెర పట్టుకుంది. మొదట తెల్లబోను ఎలుక. పక్కటెముకలు కత్తిరించి ఊపిరితిత్తులు బయటికి తీసింది. కాలేయం ముక్కలా నల్లగా, జిగటగా ఉన్నాయి. తూకంలో పెడితే మూడు వందల నలభై మిల్లీగ్రాములు. తర్వాత ఆకుపచ్చ బోను ఎలుక. లేత గులాబీ రంగు, దూది పింజలా తేలిక. నూట అరవై. రెండోది నూట డెబ్బై. మూడోది నూట యాభై ఐదు. ఆరింటికీ అంతే. డాక్టరమ్మ కళ్లు తూకం మీంచి కదల్లేదు.

"మరి ఎలా చచ్చాయి?"

ఎలకలక్క వెల్లకిలా ఉన్న ఒకదాన్ని పంటి గాట్లు కనపడేలా బోర్లా తిప్పింది. "మీ మందు చంపలేదండి. మీ మందు బాగు చేసింది. ఊపిరి రానివి నోరెత్తకుండా ఒక మూల పడున్నాయి. ఊపిరొచ్చినవి పక్కదాన్ని పీక్కుతిన్నాయి."

"ఊపిరొచ్చాకే కొట్టుకున్నాయని నీకెలా తెలుసు?"

"మా ఇంట్లో ఒకటుంది కదండీ" అంది. ఆ వెంటనే గబగబా, "పరాయివాటిని కలిపింది నేనే. తెలిసే కలిపాను. మీ తప్పు లేదు" అంది.

డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన ఇంకో స్టీలు పళ్లెం ఎత్తి బల్ల మీద శక్తి కొద్దీ కొట్టింది. గదిలో ఎలుకలన్నీ ఒక్కసారి గెంతాయి. అంతకంటే ముందే ఎలకలక్క గోడకు అతుక్కుపోయింది. రెండు చేతులూ తల మీద, గడ్డం గుండెకు ఆన్చి, ఒక మోకాలు కడుపుకు అడ్డం. రెప్ప వాల్చేంత సేపు కూడా పట్టలేదు. అలవాటు లేనివాళ్లకు అంత వేగం రాదు.

డాక్టరమ్మ పళ్లెం పట్టుకునే ఉండిపోయింది. ఆ గదిలో మనుషులకు కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఎలకలక్క ఎడమ కన్ను చుట్టూ వాపు తీసి పచ్చగా, నల్లగా ఉంది. తొమ్మిది రోజులుగా అలా ఉన్న కన్నును డాక్టరమ్మ అప్పుడు చూసింది.

"ఏమైంది ఆ కన్నుకి?"

"మెట్ల మీంచి పడ్డానండి" అంది గోడకు అతుక్కునే.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "వాళ్లింటికి మెట్లు లేవు మేడం. పదకొండుసార్లు అబద్ధం రాశాను."

నేను బయటికొచ్చి, సగం రాసిన ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. చింపమని ఎవరూ చెప్పలేదు.

మందు బతికింది. ఎలకలక్కకు మాత్రం మెమో ఇచ్చారు, రెండు నెలలు సస్పెన్షను. క్వార్టరు కరెంటు పనివాడికి పోయింది. డాక్టరమ్మ ఆమె కోసం పైవాళ్లతో పోట్లాడిందంటారు. కానీ జాబితా రాసింది తనే కదా, ఆ మెమోలో తన పేరు కూడా రాయించుకుని ఉంటే నేను ఇంకాస్త గౌరవించేదాన్ని. ఆ రెండు నెలలూ ఎలకలక్క పొద్దస్తమానం ఆ రెండు గదుల్లో వాడికి ఎదురుగా ఉంది. నేను ఒకసారి పోతే కూతురు తలుపు సందులోంచి, "అమ్మకి పక్కటెముకలు విరిగాయి. పడుకుంది. మీరొచ్చారని తెలిస్తే మళ్లీ కొడతాడు పిన్నీ, వెళ్లిపోండి" అంది. వచ్చేశాను. దారి పొడుగునా ఏడ్చాను.

పరీక్ష మళ్లీ మొదట్నుంచి చేశారు. ఎలకలక్క పనిలో చేరిన మొదటి రోజే జాబితా మీద ఒక పూటంతా వాదించింది. ఈసారి డాక్టరమ్మ చిరాకు పడలేదు. మూడు వారాలు పూర్తయ్యేసరికి మందు పడ్డ నలభైలో ముప్ఫై నాలుగు బతికాయి, నీళ్లు పడ్డ నలభైలో పదకొండు. కారణం గడి నింపే పని నాకు చాలా తగ్గింది.

తర్వాత మూడేళ్లకు ఆ మందు మనుషుల పరీక్షకు వచ్చింది. అదే ఏడు ఆ జ్వరం కూడా తిరిగి వచ్చింది. వెల్డరుకు మళ్లీ దిగింది.

ఆసుపత్రిలో వాణ్ని చూశాను. ముఖానికి మాస్కు, పెదాలు నీలం, డొక్కలు తెల్లబోను ఎలుకల్లాగే ఎగిరెగిరి పడుతున్నాయి. మామూలు వైద్యం జరుగుతోంది. పైగా ఈ పరీక్షలో చేర్చుకోవచ్చు, సగం మందికి కొత్త మందు, సగం మందికి నీళ్లు, ఎవరికి ఏది పడిందో ఎవరికీ చెప్పరు, రోగి స్పృహలో లేడు కాబట్టి భార్య సంతకం కావాలి అన్నాడు అక్కడి డాక్టరు. ఎలకలక్క కాగితం, కలం పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆ మందు పనిచేస్తుందని ఆ భవనంలో అందరికంటే గట్టిగా తెలిసింది ఆమెకే. పనిచేశాక ఏం జరుగుతుందో కూడా.

"పెట్టకమ్మా" అంది కూతురు. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్లు. కనుబొమ మీది గీత ఎర్రబడింది. "నువ్వేం చంపట్లేదు. ఊరుకుంటున్నావంతే. పోనీ."

నేను కూడా అదే అనబోయాను. ఇదివరకు ఒకసారి నోరు మూసుకోమని చెప్పినదాన్ని కదా, ఈసారి నా నోరే మూసుకున్నాను.

ఎలకలక్క కాగితాన్ని గోడకు ఆనించింది. "ఊపిరాడక చావడం ఎలా ఉంటుందో మీ ఇద్దరికీ తెలీదు. నేను రోజూ చూస్తాను. నా చేతిలో ఒక్క ఎలుక కూడా అలా పోలేదు" అంది. "మీ నాన్న చస్తే నాకు ఏడుపు రాదే. కానీ నేను చూస్తూ ఉండగా అలా చావనివ్వను. ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చంటారు. ఆయన్ని బతకనీ. ఒకే బోనులో మాత్రం ఉండను."

సంతకం పెట్టింది. అక్కడి నుంచి ఇంటికి పోయి, రెండు సంచులతో కూతుర్ని తీసుకుని మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చింది. నేను ఒంటరిదాన్ని. మూడో అంతస్తు, రెండు గదులు. ముందుగది వాళ్లకిచ్చాను.

ఐదు వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున పది గంటలప్పుడు, కింద వీధి తలుపు ఫెళ్లుమంది. "ఎక్కడే దొంగముండా! దిగి రా! నన్ను ఆసుపత్రిలో పారేసి పోతావా!" అని వాడి గొంతు. మెట్లెక్కుతూ అరుస్తున్నాడు. కూతురు వంటింట్లోంచి కత్తి తీసుకుంది. నేను గడియ పెట్టబోయాను. ఎలకలక్క చెయ్యెత్తి ఇద్దర్నీ ఆగమంది. తల ఒక పక్కకి వంచి వింటోంది.

మొదటి అంతస్తు. తిట్టు ఆగలేదు. రెండో అంతస్తు. అక్కడా ఆగలేదు, గొంతు ఇంకా పెరిగింది. నలభై రెండు మెట్లు. నేనైతే రోజూ మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కుతాను.

"ఎక్కడా ఆయాసం లేదు" అంది ఎలకలక్క. "ఈయనకి పడింది నీళ్లు కాదు, మందే. రాసుకో."

తనే తలుపు తీసింది. వాడు గుమ్మంలోనే ఆమె జుట్టు పిడికిట పట్టి బయటికి గుంజాడు. రెండో చేత్తో చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లి నా తలుపు మీద నెత్తురు పడింది. మళ్లీ కొట్టడానికి చెయ్యెత్తాడు. ఈసారి ఆమె తల కప్పుకోలేదు. జుట్టు పట్టుకున్న ఆ చేతి బొటనవేలు మొదట్లో తన వేళ్లు దూర్చింది. మణికట్టును తలుపు అంచుకు అడ్డంగా ఆనించింది. ఒక్క లాగు లాగింది. టిక్కుమంది. ఇరవై ఏళ్లకు పైగా గాజు కిటికీ ఇవతల నుంచి నేను విన్న చప్పుడే, కాకపోతే కాస్త పెద్దది. వాడు చెయ్యి వదిలేసి, కాలు తడబడి, వెనక్కి ఏడు మెట్లు దొర్లి మలుపులో పడ్డాడు. మణికట్టు వేలాడుతోంది. వాడు పెడుతున్న కేకలకు భవనమంతా తలుపులు తెరుచుకున్నాయి.

ఎలకలక్క రెండు మెట్లు దిగి, ఒంగి, వాడి డొక్కలు ఎలా ఆడుతున్నాయో చూసింది. "ఊపిరి బాగానే ఉంది. ఎముకే. అతుక్కుంటుంది" అంది. పైకి వచ్చి పెదవి కడుక్కోవడానికి లోపలికి పోయింది.

కింది అంతస్తు ఆవిడ తల పైకెత్తి, "అయ్యో, ఏమైందమ్మా ఆయనకి?" అని నన్ను అడిగింది.

"మెట్ల మీంచి పడ్డాడండీ" అన్నాను.

మా ఇంటికి మెట్లు ఉన్నాయి.